ఊపిరి దారియా, నరము దారియా?

చుండూరు వంటి పల్లెలోనైనను, గుంటూరు వంటి నగరములోనైనను రోడ్డు ప్రమాదమున తలకు దెబ్బ తగిలినచో, పుర్రెలో గడ్డకట్టిన రక్తమును తీయుటకు శస్త్రచికిత్స అవసరము కావచ్చును. అప్పుడు మత్తును రెండు దారులలో ఇచ్చెదరు. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ వంటి ఆవిరులను ఊపిరితిత్తులకు పంపుట ఒకటి. ప్రోపోఫాల్ అను మందును నరమునకు ఎక్కించుట రెండవది. రెండవదే మెదడునకు మేలను వాదమొకటి కలదు. అది ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగినది.

వాదమునకు ఆధారము లేకపోలేదు. పుర్రె మూతవేసిన పెట్టె వంటిది. అందు మెదడు, రక్తము, ద్రవము ఇమిడియుండును. ఒకటి పెరిగి తక్కినవి తగ్గనిచో లోపలి పీడనము హెచ్చును. ఆవిరి మందు మోతాదు మించినచో మెదడులోని రక్తనాళములు వ్యాకోచించును. ప్రోపోఫాల్ అచటి రక్తప్రవాహమును తగ్గించును. మెదడు కంతుల శస్త్రచికిత్సలలో కొలిచి చూడగా, ప్రోపోఫాల్ ఇచ్చినవారిలోనే పీడనము తక్కువగా నుండెను.

ఐనను ఈ వాదమున రెండు లోపములున్నవి. కంతి గలవానిలో తేలిన ఫలితము దెబ్బ తిని, రక్తము కోల్పోయినవానికి అట్లే వర్తింపదు. మరియు పుర్రెలోని పీడనమొక్కటే లెక్క కాదు. ధమనులలోని సగటు పీడనమునుండి దానిని తీసివేయగా మిగిలినదే మెదడునకు రక్తమును నెట్టు బలము. అది 60కి తగ్గరాదని వైద్యుల సాధారణ నియమము. ఒక రోగిలో 80 నుండి 20 పోగా 60 మిగిలెననుకొందము. ప్రోపోఫాల్ లోపలి పీడనమును 15కు దించి, రక్తపోటును కూడ 70కి దించినచో మిగులునది 55 మాత్రమే. పుర్రెలో మేలు, మెదడునకు కీడు!

2008లో ప్రకటితమైన అమెరికా సైనిక వైద్యుల పరిశీలనలో, నరము దారిన మత్తు పొందినవారిలో నూటికి 75 మంది, ఆవిరి పొందినవారిలో 54 మంది బాగుగా కోలుకొనిరి. కాని గాయముల తీవ్రత మున్నగు భేదములను లెక్కలోనికి తీసుకొనగా, మత్తు దారికిని కోలుకొనుటకును సంబంధము కనబడలేదు. పైపై అంకెలను నమ్మరాదనుటకు ఇది మంచి పాఠము.

ఇట్టి పాఠము తెలుగునేలకు క్రొత్త కాదు. 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాము ప్రభుత్వ సాయముతో హైదరాబాదులో రెండు క్లోరోఫారము కమిషనులు జంతువులపై పెక్కు ప్రయోగములు చేసెను. శ్వాసను కనిపెట్టియున్నచో చాలునని, గుండెకు నేరుగా భయము లేదని తేల్చెను. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ప్రాణము పోగలదని పిల్లులపై చూపెను. శ్వాసను కనిపెట్టుమనుట మంచి సలహాయే; తప్పు దానినే సర్వస్వమనుటలో కలదు.

కావున పుర్రెలోని పీడనమునే చూచి తీర్పు చెప్పుట తగదు. ఏ దారి ఎన్నుకొన్నను రక్తపోటు, ప్రాణవాయువు తగ్గకుండ కాపాడుట ముఖ్యము. దారుల తారతమ్యము తేలవలెనన్నచో, దెబ్బ తిన్న రోగులనే చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, నెలల పిమ్మట వారు నడుచుట, మాటలాడుట, తమ పని తాము చేసికొనుటను పోల్చవలెను. రోగి కోరునది తక్కువ అంకె కాదు, తిరిగి తన బ్రతుకు.