విండో వెనుక దాగిన తప్పు

పదవ తరగతి విద్యార్థి ఒకడు సెంటిగ్రేడ్ డిగ్రీలను ఫారన్‌హీట్ డిగ్రీలుగా మార్చు చిన్న ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాసినాడనుకొనుడు. తెరమీద ఒక విండో తెరచుకొనును. అందులో అంకె వేయుటకు ఒక గడి, నొక్కుటకు ఒక బటన్, ఫలితము చూపుటకు కొంత జాగా. 37 అని వేసి బటన్ నొక్కగా 98.6 వచ్చినది. లెక్క సరిపోయినది. పిమ్మట ఇంటిలో జ్వరముతో ఉన్న తమ్మునికి థర్మామీటరు పెట్టి చూచి, 38.5 అని వేసి మరల నొక్కినాడు. ఫలితము 98.6 అనియే ఉన్నది. విండో మూతపడలేదు, గంట మ్రోగలేదు, తప్పు జరిగినదన్న మాట ఎక్కడను లేదు. నిజమునకు 101.3 రావలసియున్నది. జ్వరము ఉన్నవానికి జ్వరము లేదని ఆ విండో చెప్పుచున్నది.

తప్పు చిన్నదే. గడిలో వేసినది కంప్యూటరునకు అంకె కాదు, అక్షరముల వరుస. దానిని అంకెగా మార్చుటకు విద్యార్థి 'ఇంట్' అను ప్రమేయమును వాడినాడు. అది పూర్ణాంకములనే గ్రహించును. దశాంశ బిందువు కనబడగానే 'వాల్యూ ఎర్రర్' అని నిరాకరించును. (౩౭ అని తెలుగు అంకెలతో వేసినను ఆ ప్రమేయము నిరభ్యంతరముగా గ్రహించును. దాని పేచీ లిపితో కాదు, చుక్కతో.) 'ఇంట్'కు బదులు 'ఫ్లోట్' అని వ్రాసినచో పని తీరును. విమర్శకు విషయము ఈ తప్పు కాదు. నిరాకరణ జరిగిన సంగతి బటన్ నొక్కినవానికి ఏల చేరలేదన్నదే ప్రశ్న. దానికి జవాబు విద్యార్థి వ్రాసిన పంక్తులలో దొరకదు. విండోను గీచి ఇచ్చిన 'టికింటర్' అను ఉపకరణ సముదాయములో దొరకును.

టికింటర్ పూర్వచరిత్ర కొంత చెప్పుకొనవలసియున్నది. బర్క్‌లీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో జాన్ ఓస్టర్‌హౌట్ 1988లో 'టికిల్' అను స్క్రిప్టు భాషను నిర్మింప నారంభించెను. స్క్రిప్టు భాష యనగా, ముందుగా యంత్రభాషలోనికి మార్చిపెట్టుకొను శ్రమ లేకుండ వ్రాసినది వ్రాసినట్లు నడిపి చూచుకొనదగిన భాష. దానికి తోడుగా విండోలు, బటన్లు, జాబితాలు గీయు 'టీకే' అను సముదాయము 1991లో వెలువడినది. ఈ రెంటికిగాను ఓస్టర్‌హౌట్‌కు 1997 సంవత్సరపు ఏ.సి.ఎమ్. సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారము లభించినది. గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను లోకమునకు విడుదల చేసినదియు 1991లోనే. పైథాన్‌కు స్వంత విండోలు లేవు కనుక అది టీకేను అరువు తెచ్చుకొనెను. అరువు తెచ్చిన పనిముట్టుకు పైథాన్ తొడిగిన పిడియే టికింటర్. పిల్లలచేత తాబేలు బొమ్మలు గీయించు 'టర్టిల్' దీనిమీదనే నిలిచియున్నది. ప్రోగ్రాములు వ్రాసుకొను 'ఐడిల్' సైతము దీనితో కట్టినదే. కావున పాఠశాలలో పైథాన్ నేర్చు పిల్లలు ఎరిగియో ఎరుగకయో దీని గుణదోషములకు లోబడుచున్నారు.

విండో గల ప్రోగ్రాము మొదటి పంక్తినుండి చివరి పంక్తికి నడచి ఆగిపోవునది కాదు. విండోను గీచిన తరువాత అది 'మెయిన్‌లూప్' అను చక్రములో పడును. మౌస్ నొక్కు, కీ నొక్కు, గడియారపు పిలుపు, వీనిలో ఏది వచ్చునా యని కాచుకొని, వచ్చినప్పుడు దానికి కేటాయించిన ప్రమేయమును పిలిచి, అది ముగియగానే మరల కాపలాకు చేరును. ఆ ప్రమేయములో తప్పు జరిగినచో మామూలు ప్రోగ్రాము అక్కడనే కూలును. టికింటర్ కూలదు. తప్పును పట్టుకొని, దాని వివరమును 'స్టాండర్డ్ ఎర్రర్' అను కాలువలోనికి విడిచి, ఏమియు జరుగనట్లు కాపలాకు మరలును. ఒక్క బటన్ చెడినంత మాత్రమున విండో అంతయు మూతపడి, అప్పటివరకు వ్రాసికొన్నదంతయు పోవుట ఎవరికి ఇష్టము? ఈ నిర్ణయమును తప్పుపట్టుట కష్టము.

చిక్కంతయు ఆ కాలువ ఎక్కడికి పారుచున్నదన్నది. నల్లని కమాండ్ తెరనుండి ప్రోగ్రామును నడిపినచో వివరము ఆ తెరమీద పడును. ఐడిల్‌నుండి నడిపినచో దాని షెల్లులో ఎర్రని అక్షరములుగా పడును. కాని విండోస్ కంప్యూటరులో ఫైలు పేరు చివర 'పి.వై.డబ్ల్యు.' అని ఉంచి, దానిమీద రెండుమార్లు నొక్కి తెరచినచో కాలువయే ఉండదు. వెనుక నల్ల తెర కనబడకుండుటకై అట్లు పేరు పెట్టుదురు. చూచుటకు అందముగానే ఉండును. తప్పు వివరము మాత్రము శూన్యములో కలియును. మొదటి పంక్తులలోనే తప్పుండి, విండో గీయకమునుపే ప్రోగ్రాము ముగిసినచో తెరపై ఏమియు రాదు. నొక్కినవాడు తాను సరిగా నొక్కలేదేమో యని మరల మరల నొక్కుచుండును.

టీకే పుట్టింటిలో ఆచారము వేరు. టికిల్ భాషలో వ్రాసిన ప్రోగ్రామున బటన్ వెనుక తప్పు జరిగినచో టీకే తానే ఒక చిన్న విండోను తెరచి, జరిగిన తప్పు ఇది యని చూపి, వివరములు చూచుటకు అందులోనే ఒక బటన్ ఇచ్చును. విండోలో జరిగిన తప్పు విండోలోనే తెలియును. పైథాన్‌వారు టీకే బటన్లను, గడులను, జాబితాలను అన్నిటిని తెచ్చుకొనిరి గాని ఈ మర్యాదను అక్కడనే విడిచివచ్చిరి. సరిదిద్దుకొనుటకు వీలు లేకపోలేదు. 'రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్' అను ప్రమేయమును తిరిగి వ్రాసి, తప్పు వివరమును సందేశపు పెట్టెలో చూపునట్లు చేయవచ్చును. నాలుగైదు పంక్తుల పని. స్టాండర్డ్ ఎర్రర్ లేనప్పుడు అట్లు చేయవలెనని టికింటర్ మూలములో, ఆ ప్రమేయము క్రిందనే, ఒక సూచనయు కలదు. కాని సూచన ఉంచిన చోటు ఎట్టిది? తప్పు వెదకుట అదివరకే తెలిసినవాడు తప్ప మరియొకడు అక్కడికి పోడు. కమాండ్ తెర ఎల్లప్పుడు ప్రక్కన తెరచి ఉంచుకొను నిపుణునికి ఈ ఏర్పాటు చాలును. పదునైదేండ్ల పిల్లవానికి చాలదు.

పైథాన్ పెద్దలు తప్పుల విషయమున అశ్రద్ధ చూపినారనుట అన్యాయము. 2021లో వచ్చిన 3.10 నుండి మూయని బ్రాకెట్టు ఏదో వ్రేలుపెట్టి చూపుచున్నది. 2022 నాటి 3.11 ఒక పంక్తిలో ఏ భాగము చెడినదో గుర్తు గీచి చూపును. తాబేలు బొమ్మలు గీయు ప్రోగ్రామునకు 'టర్టిల్' అనియే పేరు పెట్టి, అసలు టర్టిల్‌ను తన ఫైలుతో మూసివేయుట పిల్లలకు పరిపాటి; అట్టి పేర్ల ఢీని గుర్తించి ఫైలు పేరు మార్చుకొనుమను సలహాను 2024లో వచ్చిన 3.13లో చేర్చిరి. ఇంత చక్కని మాటలును చివరకు అదే కాలువలో పోయుచున్నారు. విండోయే చూచువానికి వీనిలో ఒక్కటియు చేరదు.

ఇతరులు చేసినదేమి? పైథాన్‌తో వాడు మరియొక ప్రసిద్ధ సముదాయము పైక్యూటీ. 2015లో వచ్చిన దాని 5.5వ కూర్పునుండి, పట్టుకొనని తప్పు జరిగినచో ప్రోగ్రాము మొత్తము నిలిచిపోవును. కఠినమైన పద్ధతియే. అయినను జ్వరపు లెక్కవంటి చోట పాత ఫలితమును కొత్తదిగా చూపుటకన్న కూలిపోవుటయే నయము. టికిల్ పద్ధతి ఈ రెంటికన్న మేలైనది. అది కూలదు, దాచదు.

వివరమే పుట్టని తప్పులు మరికొన్ని కలవు. వీనికి సందేశపు పెట్టెయు పనికిరాదు. ఒక ప్రమేయములో బొమ్మ ఫైలును చదివి లేబులుమీద అతికించినచో, బొమ్మ ఉండవలసినచోట దాని పరిమాణము మేరకు ఖాళీ జాగా కనబడును. ఫైలు సరియైనదే, పేరు సరియైనదే, ఎర్ర అక్షరములు ఎక్కడను లేవు. ఎందరో దీనితో రాత్రులు గడిపిరి. కారణమిది: పైథాన్ ప్రతి వస్తువును ఎందరు పట్టుకొని యున్నారో లెక్క వ్రాసుకొనును. ప్రమేయము ముగియగానే బొమ్మను పట్టుకొన్న పేరు పోయినది, లెక్క సున్న అయినది, పైథాన్ బొమ్మను పారవేసినది. లేబులు బొమ్మను వాడుకొనుచునే ఉన్నది గదా యనవచ్చును. కాని లేబులు టీకే పక్షమున ఉన్నది. దాని చేతిలో ఉన్నది బొమ్మ పేరు మాత్రమే. ఆ పట్టు పైథాన్ లెక్కలోనికి రాదు. రెండు భాషలు కాపురముండు ఇంటిలో ఒకరు దాచినదానిని మరియొకరు చెత్త యనుకొని ఊడ్చివేసిరి. బొమ్మను ప్రమేయము వెలుపల ఒక పేరుతోనో, లేబులుకే తగిలించియో పట్టి ఉంచినచో చాలును. ఇది విద్యార్థి తర్కముతో కనుగొనదగిన తప్పు కాదు; ఎవరో చెప్పవలసినదే.

ట్రాఫిక్ దీపముల ప్రోగ్రాము మరియొక ఉదాహరణము. బటన్ నొక్కగానే ఎరుపు చూపి, ఐదు సెకండ్లు ఆగి, ఆకుపచ్చ చూపుమని 'స్లీప్' అను ఆజ్ఞతో వ్రాసినచో ఎరుపు అసలు కనబడదు. విండో బిగుసుకొనిపోయి, తుదకు ఆకుపచ్చ ఒక్కటే వచ్చును. రంగు వేయు పనియు మెయిన్‌లూప్‌దే. ప్రమేయము నిద్రించుచుండగా చక్రము తిరుగదు, కుంచె కదలదు. 'ఆఫ్టర్' అను ఆజ్ఞతో, ఇన్ని మిల్లీసెకండ్ల తరువాత పిలువుమని చెప్పి ప్రమేయమును ముగించవలెను. ఇక బటన్‌కు ప్రమేయపు పేరు ఇయ్యవలసినచోట పేరు ప్రక్కన బ్రాకెట్లు చేర్చుట అన్నిటికన్న సామాన్యమైన పొరపాటు. బ్రాకెట్లు చేర్చగానే ప్రమేయము అప్పుడే నడచిపోవును. బటన్‌కు మిగులునది దాని ఫలితము, అనగా తరచుగా శూన్యము. ఎన్నిసార్లు నొక్కినను ఉలుకు పలుకు ఉండదు.

ఐడిల్ చేయు మేలు కూడ ఒక్కొక్కప్పుడు కీడై పరిణమించును. ఐడిల్ లోపల నడిపినప్పుడు మెయిన్‌లూప్ పంక్తి మరచినను విండో నిలుచును. ఐడిల్ తన పద్ధతిలో టీకే సంఘటనలను నడిపించుచుండుటయే కారణము. అదే ఫైలును ఇంటికి తీసుకొనిపోయి రెండుమార్లు నొక్కినచో విండో మెరసి మాయమగును. "బడిలో పనిచేసినదండీ" అని విద్యార్థి చెప్పినప్పుడు అది సాకు కాదు, యథార్థము.

టికింటర్ దోషము సగమైనచో బోధన దోషము మిగిలిన సగము. సి.బి.యస్.ఇ. పదునొకండు, పండ్రెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో పైథాన్ పాఠ్యభాగము. భౌతికశాస్త్రపు ప్రయోగశాలలో గాల్వనోమీటరు సూది కదలనిచో ఉపాధ్యాయుడు పరికరమును మార్చడు. సెల్లును చూచును, తీగ కొనలను గీకించును, ఒక్కొక్క అతుకును విడిగా పరీక్షించును. కంప్యూటరు గదిలో ఈ ఓపిక కరవైనది. పని చేయని ప్రోగ్రామును తుడిచి పుస్తకములోనిది మరల ఎక్కించుట అలవాటైనది. మరికొందరు తప్పు వచ్చు చోట 'ట్రై' పెట్టి, 'ఎక్సెప్ట్' క్రింద 'పాస్' అని వ్రాయుట నేర్పుచున్నారు. టికింటర్ తప్పును కాలువలోనైనను విడుచుచున్నది. ఈ ఉపాయము దానిని పుట్టినచోటనే పూడ్చివేయును. చేయవలసినది తేలికయే: ఫైలును కమాండ్ తెరనుండి నడిపి, వచ్చిన వివరమును చివరి పంక్తినుండి పైకి చదివి, అనుమానమున్న విలువను 'ప్రింట్' చేయించి, ఒకసారికి ఒక్కటే మార్చి చూచుట.

అట్లు చూచిన పిమ్మట తప్పు విద్యార్థిది కాదని తేలు సందర్భములు ఉండును. పాత పుస్తకములలో టికింటర్ పేరు పెద్దబడి అక్షరముతో మొదలగును. 2008లో వచ్చిన పైథాన్ 3లో దానిని చిన్నబడికి మార్చిరి, కావున పాఠము ఉన్నదున్నట్లు ఎక్కించినను నడువదు. ఉబుంటు కంప్యూటరులలో టికింటర్‌ను వేరుగా స్థాపించుకొనవలెను. అన్నిటికన్న బాధ కలిగించునది తెలుగు లేబులు. లైనక్స్‌మీద టీకే 8.6 అక్షరములను ఒకదానిప్రక్క ఒకటిగా పేర్చును గాని సంయుక్తాక్షరముగా కూర్చదు. 'విద్యార్థి' అని వ్రాసినచో వత్తులు తమ చోటికి చేరక పొల్లులతో చెల్లాచెదరుగా కనబడును. ఆ మాటనే కాపీ చేసి బ్రౌజరులో అతికించి చూడవలెను. అక్కడ సరిగా వచ్చినచో పిల్లవాని ప్రోగ్రామును దిద్దవలసిన పని లేదు, మార్కులు కోయవలసిన పని అంతకన్న లేదు.