రెండు శాఖల మధ్య వరండా

ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక ముస్లిం అమ్మాయి ఆ మధ్య మా ఇంటికొచ్చింది. పరీక్షలో ముస్లింవాద కవిత్వం మీద ప్రశ్న వస్తుందట. చేతిలో క్లాసు నోట్సు ఉంది. ముస్లింవాద కవిత్వ లక్షణాలు: పేదరికం, అభద్రత, పర్దా, తలాఖ్, మతకలహాలు. అయిదు పాయింట్లు. "కవితలు చదివావా బేటీ?" అనడిగాం. "కవుల పేర్లు రాయించారు చాచా" అంది. మీ ఇంట్లో మాట్లాడుకునే మాటలే ఆ కవితల్లో ఉన్నాయి గదా, వాటి సంగతి క్లాసులో రాలేదా అంటే నవ్వింది. "వాటి అర్థాలు సారే నన్నడిగారు" అంది.

ఆ సారుని తిట్టడానికి మేమిది రాయడం లేదు. అర్థం తెలియనప్పుడు విద్యార్థిని అడిగాడంటే మంచి మాస్టారే. ఆయన చదువుకున్న రోజుల్లో ఉర్దూ నేర్చుకోమని ఆయనకెవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక నేర్చుకోవడానికి తీరిక ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి మా ప్రశ్న ఆయన్ని తయారు చేసిన చదువుకి.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' సంకలనం 1998లో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలుగు శాఖకి మా సాహిత్యం ఒక 'వాదం'. స్త్రీవాదం, దళితవాదం తర్వాత వచ్చే ఒక యూనిట్. పక్కనున్న ఉర్దూ శాఖకి అసలు కనిపించదు, లిపి తెలుగు గనక. మా ఇళ్ళల్లోని దక్కనీకి ఈ గదిలోనూ చోటు లేదు, ఆ గదిలోనూ లేదు. రెండు శాఖల మధ్య వరండాలో నిలబడి ఉన్నాం మేము.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దానికి ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా పెట్టారు. పండితుల్ని కూర్చోబెట్టి, జీతాలిచ్చి, పాఠ్యగ్రంథాలు అనువాదం చేయించారు. అనువాదమే అక్కడ ఉద్యోగం. అదే విశ్వవిద్యాలయంలో ఉర్దూ చెప్పిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కావ్యసంపుటిని పరిష్కరించి అచ్చు వేయించాడు. ఇవ్వాళ సినిమాల్లో నవ్వించడానికి వాడుతున్న మా దక్కనీ ఒక పాదుషా కవిత్వం రాసిన భాష అని మేము రొమ్ము విరుచుకుని చెప్పగలుగుతున్నామంటే, ఒక అధ్యాపకుడు పాత ప్రతుల ముందు కూర్చున్నందువల్లే. అలా కూర్చునే వీలు ఆయనకి దొరికింది.

ఇది చెప్పి మురిసిపోవడం సగం నిజమే అవుతుంది. మిగతా సగం మేమే చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయంలో తెలుగుకి ఒక శాఖ ఉండేది గానీ, తెలంగాణలో ఎక్కువమంది మాట్లాడే ఆ భాషలో పై చదువు లేదు. రైతుబిడ్డ ఉర్దూ నేర్చుకుంటేనే లోపలికి రావాలి. ఆ గాయం వాళ్ళు మర్చిపోలేదు, మర్చిపొమ్మని అడిగే హక్కు మాకు లేదు. 1948 తర్వాత ఉర్దూ పోయింది. ఆ చోటులోకి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది.

ఆ తర్వాత వరండా దాటి అటూ ఇటూ తిరిగింది ఎవరు? గాలిబ్‌ని తెలుగు చేసిన దాశరథి. అమ్జద్ రుబాయీలని తెలుగులోకి తెచ్చిన సామల సదాశివ. ఇద్దరూ ముస్లింలు కారు. ఇద్దరూ విశ్వవిద్యాలయ ఆచార్యులూ కారు. ఈ రెండు సంగతుల్లో ఒకటి మాకు సిగ్గు, రెండోది విశ్వవిద్యాలయాలకి.

ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళెవరైనా ఆ పనికి పూనుకుంటే ఏమవుతుంది? 2018లో యూజీసీ ఒక పట్టిక ఇచ్చింది. భాషాశాస్త్రాల్లో, మానవీయశాస్త్రాల్లో గుర్తింపు ఉన్న పత్రికలో ఒక వ్యాసం వేస్తే 10 మార్కులు. ఒక పుస్తకం మొత్తం అనువాదం చేస్తే 8. మూడేళ్ళు కూర్చుని ఒక దక్కనీ కావ్యాన్ని తెలుగులోకి తెచ్చినవాడి కన్నా, పది పేజీల వ్యాసం రాసినవాడు ముందుంటాడు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని అవే నిబంధనలు చెప్పాయి. ఇక కాంట్రాక్టు లెక్చరర్ సంగతి చెప్పేదేముంది! వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని కొత్త లిపి నేర్చుకోమని ఏ మొహంతో అడుగుతాం? అయిదు పాయింట్ల నోట్సు పుట్టేది ఇక్కడే.

మా లోపలా అద్దం చూసుకోవాలి. దక్కనీని 'గలత్ జబాన్' అని వెక్కిరించింది మా ఉర్దూ పెద్దలే. తెలుగులో రాసే కుర్రాణ్ణి "నువ్వేం ముసల్మానువిరా" అని అడిగింది మా మొహల్లానే. ఏదో ఒక సిలబస్‌లో మా కవిత ఒకటి పడితే చాలని మిఠాయి పంచుకున్నదీ మేమే. ఆ కవితని ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు అని అడగలేదు.

ఇకనైనా అడుగుదాం. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి చెప్పే పేపరు ఒకటి కావాలి. రెండో భాష నేర్చుకునే అధ్యాపకుడికి క్లాసులు తగ్గించాలి, సెలవివ్వాలి. అనువాదాన్నీ, ప్రతుల పరిష్కరణనీ అసలైన పరిశోధనగా లెక్కించాలి. ఇది ముస్లింలకి చేసే ఉపకారం కాదు. ఈ నేల మీద పుట్టిన సాహిత్యాన్ని పూర్తిగా చదవడం.

ఆ అమ్మాయి పరీక్ష పాసైంది. వాళ్ళ నానీ పాడే పెళ్ళి పాటల మీద, ఢోలక్ గీతాల మీద, పరిశోధన చేస్తానంటోంది. పాటల్లో దక్కనీ ఉంది, మధ్యమధ్య తెలుగూ ఉంది. తెలుగు శాఖలో అడిగితే ఉర్దూ వాళ్ళనడుగు అన్నారట. ఉర్దూ శాఖలో అడిగితే తెలుగు వాళ్ళనడుగు అన్నారట. నానీకి ఎనభై దాటాయి. వీళ్ళు తేల్చుకునేదాకా ఆమె ఆగుతుందా?