వేలిముద్ర పడలేదు

మిరప కోతల రోజుల్లో మా ఊరి రేషన్ షాపు ముందు నిలబడితే ఒక మాట పదేపదే వినిపిస్తుంది: "పడలా." వరసలో ఉన్న మనిషి యంత్రం మీద వేలు పెడుతుంది. పడదు. "తల్లో తుడిచి పెట్టమ్మా" అంటాడు డీలరు. నూనె రాసిన జుట్టుకు వేలు రుద్ది మళ్లీ పెడుతుంది. పడదు. ఇంకో వేలు. అదీ పడదు. వెనకున్నవాళ్లు విసుక్కోరు. తమ వంతు వచ్చాక ఏమవుతుందో వాళ్లకూ తెలియదు కాబట్టి.

ఆ వరసలో ఒకసారి మా మేనత్త కూడా ఉంది. "మొన్న కాయ కోత మొదలైన కాడ్నుంచి పడటంలా నాయనా. నా వేలు నాది కాదంటందా ఆ మిషను?" అని నన్నే అడిగింది. అడగాల్సిన మనిషినే అడిగింది. నేను ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ణి. అంతకు కొన్నేళ్ల ముందు వేలిముద్రతో పనిచేసే ఒక యాప్ తయారుచేసిన బృందంలో ఉన్నాను. అది రేషన్‌ది కాదు. కానీ మా అత్త ప్రశ్నకు నేను జవాబుదారుణ్ణి.

ఎందుకో చెబుతాను. వేలిముద్ర పంపినప్పుడు ఆధార్ వ్యవస్థ ఒక సంఖ్యతో జవాబిస్తుంది. 300 అంటే ఆ ముద్ర రికార్డుతో కలవలేదని. అప్పుడు వేలు తుడిచి పెట్టడమో, వేలు మార్చడమో చేయొచ్చు. 811 అంటే అసలు ఆ మనిషి బయోమెట్రిక్ వివరాలే రికార్డులో లేవని. అప్పుడు పది వేళ్లూ మార్చి చూసినా లాభం లేదు, ఆధార్ కేంద్రానికి వెళ్లి ముద్రలు మళ్లీ ఇవ్వాలి. ఈ రెండింటికీ మేం స్క్రీన్ మీద ఒకటే వాక్యం పెట్టాం: "ప్రామాణీకరణ విఫలమైంది." ఆ మాట మా ఊళ్లో ఎవరూ అనరు. చదివినా ఏం చేయాలో తెలియదు. 811 వచ్చిన కూలిమనిషి రేపు రమ్మంటే రేపు, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి వస్తుంది. వచ్చిన ప్రతి పూటా ఆమె కూలి పోతుంది.

మేం చెడ్డవాళ్లం కాదు. మా వేళ్లతోనే పరీక్షించుకున్నాం, అంతే. ఏసీ గదిలో కీబోర్డు తప్ప మరొకటి తాకని వేళ్లు. మొదటిసారికే పడిపోయేవి. ఎక్కడన్నా పడకపోతే దాన్ని ఎడ్జ్ కేస్, అంటే ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే సంగతి, అని పక్కన పెట్టేవాళ్లం. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కోతల కాలంలో ఆ ఎడ్జ్ కేస్ ఒకరో ఇద్దరో కాదు, వరస మొత్తం అదే.

ఆ చేతుల్ని దగ్గరగా చూడండి. పండు మిరపకాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తుంచుతారు. కల్లంలో తొడిమలు తీసేదీ ఆ రెండు వేళ్లతోనే. సాయంత్రానికి చేతులు మంటలెక్కి, కొబ్బరినూనె రాసుకున్నా నిద్ర పట్టదు. పత్తి తీసేటప్పుడు ఎండిన గుల్ల మొనలు గుచ్చుకునేదీ ఆ వేళ్ల చివరలే. ఏళ్ల తరబడి ఈ పని చేస్తే గీతలు అరిగిపోతాయి, చర్మం పగుళ్లిస్తుంది. మేం యాప్‌లో మొదట అడిగింది ఏ వేలో తెలుసా? బొటనవేలు. తర్వాత చూపుడువేలు. బాగా పడే వేలు ఏదో ముందే తేల్చుకునే పద్ధతి అప్పటికే ఆధార్‌లో ఉండేది. దాన్ని మేం వాడుకోలేదు.

కోతలకు కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చే కుటుంబాల సంగతి ఇంకా కష్టం. పోర్టబిలిటీ ఉంది కాబట్టి ఇక్కడి షాపులోనే బియ్యం తీసుకోవచ్చు. ముద్ర పడకపోతే మాత్రం "ఈమె నాకు తెలుసు" అని చెప్పే మనిషి ఈ ఊళ్లో ఉండడు.

వేలిముద్ర పడలేదనో, ఆధార్ లేదనో ఎవరికీ లబ్ధి ఆపొద్దని, వేరే దారి చూపాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబర్ 24న ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద ఉన్న ఆ దారి స్క్రీన్ మీద బటన్‌గా లేకపోతే, డీలరు ఇద్దామనుకున్నా ఇవ్వలేడు. ఆ బటన్ పెట్టేదీ పెట్టనిదీ మాలాంటివాళ్లమే.

ఇది మన ఊళ్లకే పరిమితమైన సంగతి కాదు. 1985 నుంచి 1987 దాకా అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం కనీసం ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. వాళ్లలో కొందరు చనిపోయారు. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. టెక్సస్‌లో జరిగిన ఒక ప్రమాదంలో స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని కనిపించింది. ఆ అంకెకు అర్థం తెలియని ఆపరేటర్, అలవాటు ప్రకారం ముందుకు సాగే మీట నొక్కింది. రోగి ఒంటి మీద రెండోసారి కిరణాలు పడ్డాయి. మన దగ్గర పోయేది ఒక రోజు కూలి, ఒక నెల బియ్యం కావొచ్చు. కానీ యంత్రం కాదన్నప్పుడు ఎందుకు కాదన్నదో ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పకపోవడం అక్కడా ఇక్కడా ఒకే తప్పు.

అత్త అడిగిన తర్వాత ఆ యాప్‌లో మాటలు మార్చాం. 300 వస్తే: "వేలిముద్ర పడలేదు. వేలు తుడిచి, ఉంగరపు వేలో చిటికెన వేలో పెట్టండి." 811 వస్తే: "మీ వేలిముద్రలు ఆధార్ రికార్డులో లేవు. ఇక్కడ మళ్లీ ప్రయత్నించొద్దు. ఆధార్ కేంద్రానికి వెళ్లండి." చదవలేనివాళ్ల కోసం అదే మాటను యాప్ గొంతుతో చెప్పేలా చేశాం. ఒక మధ్యాహ్నం పని. మేం కొత్త నైపుణ్యమేదీ నేర్చుకోలేదు. ఆ వరసలో నిలబడ్డ మనిషిని తలచుకుని రాశాం, అంతే.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఇలాంటి యాప్‌లు రాస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఒక పూట రేషన్ షాపు అరుగు మీద కూర్చోండి. ల్యాప్‌టాప్ తీయకండి. ఎవరికి పడలేదో, పడనప్పుడు వాళ్లకు ఎవరు ఏం చెప్పారో వినండి. పండగ నాటికి మిరప కోతలు మొదలవుతాయి. ఆంధ్రలో నెల మొదటి పదిహేను రోజులూ షాపులో బియ్యం ఇస్తారు.