ఆటగాడి పేర ఇద్దరి వాదం

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో 2007 సెప్టెంబరు 22 నాటి విలేఖరుల సమావేశం నవ్వులాటగా మిగిలిపోయింది. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం కోచ్ మైక్ గండీ టెక్సాస్ టెక్ మీద 49-45తో గెలిచి వచ్చి, ఆట సంగతి పక్కన పెట్టి, ‘ది ఓక్లహోమన్’ పత్రికను పైకెత్తి చూపుతూ దాదాపు మూడు నిమిషాలు గర్జించాడు. ‘నేను మగాణ్ణి! నాకు నలభై ఏళ్ళు!’ అన్న అతని కేక ఆనాటి నుంచి హాస్యోక్తిగా చెలామణి అవుతున్నది. నవ్వు పూర్తయ్యాక పరిశీలించవలసినవి రెండు రచనలు. జెన్నీ కార్ల్‌సన్ కాలమ్ ఒకటి, గండీ ప్రసంగం రెండవది. ఇవి ఎవరి మీద, ఎవరి పక్షాన నిలబడి పలికాయి అన్నదే ప్రశ్న.

కాలమ్ విషయం క్వార్టర్‌బ్యాక్ బాబీ రీడ్. అతన్ని తప్పించి జాక్ రాబిన్సన్‌ను ఎందుకు ఆడించారో వివరించడానికి పూనుకున్నది రచయిత్రి. అది అడగవలసిన ప్రశ్నే. కాని జవాబు వెతికిన చోటు వేరు. ట్రాయ్ జట్టు చేతిలో ఓడిన తరువాత, మైదానం బయట తల్లి కొడుకుకు కోడికూర తినిపించడం ఆమె సాక్ష్యం. దాని మీద ఆధారపడి రీడ్ గారాబంగా పెరిగినవాడని, అతనిలో తెగువ లోటని సూచించింది. ఒక తల్లి చేతి ముద్దలో పిరికితనాన్ని చదవడం విమర్శ కాదు. వాకిట్లో నిలబడి చెప్పుకునే ఊసు. జట్టును నడిపేవాడి నిర్ణయాన్ని నిలదీయవలసిన కలం, ఆ నిర్ణయానికి గురైనవాడి స్వభావాన్ని నిలదీసింది.

ఇక ప్రసంగం. వ్యాసంలో ముప్పాతిక భాగం అబద్ధమన్నాడు గండీ. ఏది అబద్ధమో చెప్పమంటే చెప్పలేదు. రాసినవారికి పిల్లలు ఉండి ఉండరన్నాడు. ఒక స్త్రీ రచనను ఆమె మాతృత్వంతో కొలవడానికి అతనికి జంకు కలగలేదు. అంతా సరిగ్గా చేసిన ఔత్సాహిక క్రీడాకారుణ్ణి, ఒక పసివాణ్ణి, పట్టుకుని రాశారని అతని ఆక్రోశం. ఆ గదిలో చప్పట్లు కూడా మోగాయి. బిడ్డను కాచుకునే తండ్రి వేషంలో ఒక యాజమాన్య ప్రతినిధి ప్రశ్నించే హక్కునే గద్దించాడన్నది ఆ చప్పట్లలో మరుగునపడింది.

‘ఔత్సాహిక’ అన్న మాట బరువు చూడాలి. అదే విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి చమురు వ్యాపారి బూన్ పికెన్స్ 165 మిలియన్ డాలర్ల విరాళం 2006 జనవరిలో ప్రకటించారు. స్టేడియం ఆయన పేరే మోస్తున్నది. కోచ్ జీతం తరువాతి కాలంలో ఏడాదికి అనేక మిలియన్ డాలర్లకు చేరింది. ఎముకలు విరగ్గొట్టుకునే ఆటగాడికి ఆనాడు దక్కింది చదువు, తిండి, బస మాత్రమే. ‘ఔత్సాహికుడు’ అన్నది అతని గౌరవం కాదు, అతని శ్రమకు కూలి ఎగవేసే ఏర్పాటు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకోగలుగుతున్నారు. 2025 జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. ఆ మాట అప్పటికే బోలు అని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

స్థానిక పత్రిక నోరు మూసుకోవాలనా దీని అర్థం? ముమ్మాటికీ కాదు. 1985లో ‘లెక్సింగ్టన్ హెరాల్డ్-లీడర్’ పత్రిక కెంటకీ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు అభిమానులు చాటుగా డబ్బు ముట్టజెప్పిన వైనాన్ని పాత ఆటగాళ్ళ నోటనే బయటపెట్టింది. పాఠకులు చందాలు మానుకున్నారు, బెదిరించారు. మరుసటి ఏడు ఆ రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ పత్రిక గురిపెట్టింది ఏర్పాటు మీద. చెల్లించిన మూల్యం సొంత ఊరి ఆగ్రహం. ప్రశ్నించేవారి మీద ఆంక్షలు నేటికీ పోలేదు. 2023 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ‘ఆరెంజ్ కౌంటీ రిజిస్టర్’ విలేఖరికి రెండు వారాల ప్రవేశ నిషేధం విధించింది. నిరసన రాగానే ఉపసంహరించుకున్నది. విలేఖరి లోపలికి రావాలంటే కోచ్ తలుపు తీయాలి. ఆ తలుపు మూసుకుంటుందన్న భయమే చాలా కలాలను కోచ్‌ను వదిలి ఆటగాడి వైపు తిప్పుతుంది. ఆటగాడి మీద రాస్తే తలుపు మూసేవాడు సాధారణంగా ఉండడు.

గండీ గర్జన ఆ నియమానికి మినహాయింపులా కనిపిస్తుంది. కాని ఫలితం చూడండి. అప్పటిదాకా ఓక్లహోమా పాఠకులకే పరిమితమైన ఆ వ్యాసం గర్జన వల్ల దేశమంతా చదివింది. రీడ్ ఆ జట్టు విడిచి టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆ ప్రసంగం తన జీవితాన్ని దాదాపు ముగించిందని 2008లో చెప్పుకున్నాడు. తనను కాచినట్టు కనిపించిన మాటే తనను ముంచిందన్నది బాధితుడి సాక్ష్యం. గండీ మాత్రం 2025 సెప్టెంబరులో తొలగింపబడే వరకు అదే పీఠం మీద ఉన్నాడు.

ఇద్దరూ అతని కోసమే మాట్లాడినట్టు కనిపించారు. ఒకరికి అతను కథావస్తువు, మరొకరికి డాలు. రాసేముందు, అరిచేముందు అతని మాటకు చోటివ్వాలని ఇద్దరికీ తోచలేదు. సాహిత్య విమర్శకైనా ఇదే గీటురాయి: బలహీనుడి గుణదోషాలు ఎంచడం తేలిక, అతన్ని అక్కడ నిలబెట్టిన అధికారాన్ని ఎంచడం కష్టం. రెండవ పనికి సిద్ధపడని కలానికి మొదటి పని చేసే అర్హత లేదు.