బల్ల మీద ఎవరి డబ్బు?

జాక్ కాలో సుమారు 1628లో రాగిరేకు మీద గీసి అచ్చు తీసిన 'ల బ్రెలాన్'ని ఈమధ్య మళ్లీ చూశాను. రాత్రివేళ. కొవ్వొత్తి వెలుగు. బల్ల చుట్టూ ఆడా మగా పేకాడుతున్నారు. వాళ్ల మధ్య మోసపోతున్న ఓ కుర్రాడు. బ్రెలాన్ అంటే మూడు ముక్కలతో ఆడే జూదం. మన మూడుముక్కలాటకి దూరపు చుట్టం.

కాలో పనితనానికి వంక పెట్టలేం. రేకుకి మెత్తటి మైనంపూత బదులు ల్యూట్ వాద్యాలు చేసేవాళ్ల గట్టి వార్నిష్ పూసేవాడు. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచిన గీత లోతుగా, నల్లగా పడుతుంది. అంటే చీకటి ఎంత ఉండాలో, వెలుగు ఎవరి ముఖాన పడాలో పూర్తిగా ఆయన చేతిలోనే ఉంది. నా పేచీ కూడా అక్కడే మొదలవుతుంది.

ఈ బొమ్మని బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథగా చదువుతారు. ఆ కథలో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు. తల్లి ఊసే లేదు. ఆడవాళ్ల ప్రస్తావన ఒక్కసారే వస్తుంది, అదీ అన్న నోట, తమ్ముడి ఆస్తి తినేసిన వేశ్యలుగా. కాలో బల్ల దగ్గరా అంతే. ఆడది ఎర, మగవాడు బాధితుడు. అతను ఓడిపోతే ఇంట్లో పొయ్యి వెలగనిది ఎవరికి? ఆ ఇంటిదాకా కొవ్వొత్తి వెలుగు రాదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. అరకు సంతలో దొరికింది. సంత చివర చెట్టుకింద మూడుముక్కలాట సాగుతోంది. పట్టా పరిచినవాడు మైదానం నుంచి వచ్చినవాడు. కాస్త దూరంలో ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని ఒకామె కూచుంది. పొద్దున తెచ్చిన పసుపు, చింతపండు అమ్ముడైపోయాయి. "ఇంటికెళ్లవా అక్కా?" అన్నాను. "ఆడు లెగాల గదమ్మా. డబ్బులు ఆడికాడే ఉన్నాయి" అంది. కొండ మీదివాళ్లు జూదరులని తేలిగ్గా అనేసే మనం పట్టా ఎవరిదో అడగం. పందెంలో పెట్టిన డబ్బు ఎవరి నడుంనొప్పో అసలే అడగం.

మన సాహిత్యంలో ఆ బల్ల దగ్గర ఆడదాన్ని మరోలా కూచోబెట్టినవాడు గురజాడ. 'కన్యాశుల్కం'లో మధురవాణి పోలిశెట్టి, భుక్త, సిద్ధాంతులతో సమానంగా ముక్కలు పట్టుకుంటుంది. ఆమె కూడా వేశ్యే. కానీ ఎర కాదు, ఆటగత్తె. పైగా ఆ నాటకంలో అసలు జూదం పేకముక్కలతో కాదు, పసిపిల్లల బతుకులతో. ఆ సంగతి తెలిసి ఎత్తు వేసిన మనిషి మధురవాణి.

అయినా బుట్ట పక్కన కూచున్నామెకి మధురవాణి సరిపోదు. ఆమె చేతిలో ముక్కల్లేవు. ఆమెకి దగ్గరగా వచ్చేది ద్రౌపది. తను ఆడని ఆటలో పందెమైపోయి, ముందు తన్నోడాడా, నన్నోడాడా అని సభని నిలదీసింది. భారతంలో పెద్దలు ఆ ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పలేకపోయారు.

కాలో బొమ్మని ఇప్పుడు తరగతిలో చూపిస్తే, మోసగాడు ఎవరని అడగను. చట్రం బయట ఎవరు కూచుని ఎదురుచూస్తున్నారో చెప్పమంటాను.