జాషువ కావ్యములందు బాధ: కారణమా? ప్రయోజనమా?

కష్టము కలిగినపుడు మనుష్యుని మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. ఇది నాకేల కలిగెనన్నది మొదటిది. దీనితో నేనేమి చేయవలెనన్నది రెండవది. మొదటిది వెనుకకు చూచి కారణమును వెదకును. రెండవది ముందుకు చూచి ప్రయోజనమును వెదకును. మహాకవి గుఱ్ఱం జాషువ కావ్యములందలి క్రైస్తవ భావమును గ్రహించుటకు ఈ భేదము ముఖ్యమైన ఆధారము.

రాయచూరు మండలమందలి మాన్వికి చెందిన జగన్నాథదాసులవారి (1728–1809) కథ ఇచ్చటి తెలుగువారికిని సుపరిచితమే. శ్రీనివాసాచార్యులను పేర పండితులై యున్న కాలమున ఆయన విజయదాసులవారి భోజనాహ్వానమును కడుపునొప్పి నెపముతో త్రోసిపుచ్చిరనియు, ఆ నెపమే నిజమై బాధించెననియు, గోపాలదాసులు తమ ఆయుర్దాయమునుండి నలువదియేండ్లు ధారపోసి ఆయనను కాపాడిరనియు ఐతిహ్యము. ఇందు బాధకు కారణము పండితగర్వమని చెప్పబడినది. కాని ఆ కథ నేటికిని నిలిచియుండుట ఆ కారణమువలన కాదు. బాధనుండి బయటపడినవారు కన్నడమున హరికథామృతసారమును రచించిరి. బాధ ఒక పనికి దారితీసినది. అందువలననే అది స్మరణీయమైనది.

క్రైస్తవ గ్రంథములందు ఈ భేదము మరింత స్పష్టము. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున శిష్యులు పుట్టుగ్రుడ్డి యొకనిని చూచి, ఎవరి పాపమువలన వీడిట్లు జన్మించెనని అడుగుదురు. వాని పాపమును కాదు, తల్లిదండ్రుల పాపమును కాదని క్రీస్తు చెప్పి, దేవుని క్రియలు వానియందు ప్రత్యక్షము కావలెనని పలికి, వెంటనే వానికి చూపునిచ్చును. యోబు గ్రంథమునందును బాధకు పాపమే కారణమని వాదించిన మిత్రులు తుదకు దేవునిచే మందలింపబడిరి. బాధపడువానిని అపరాధిగా నిలబెట్టు తర్కమును ఈ రెండు ఘట్టములును నిరాకరించుచున్నవి.

తెలుగు క్రైస్తవ సాహిత్యమునకు ఆద్యులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). రాగతాళబద్ధములైన ఆయన కీర్తనలు నేటికిని తెలుగు దేవాలయములలో పాడబడుచున్నవి. అందలి ప్రధానభావము భక్తుని ఆర్తి. క్రీస్తు పడిన బాధ తన పాపమునకు పరిహారమని తలచి భక్తుడు కృతజ్ఞతతో కరగిపోవును. ఆ భావము గంభీరమే. కాని అందు మనుష్యుడు మనుష్యునికి కలిగించు బాధ ప్రధానవిషయము కాదు. ఆ విషయమును ఎత్తుకొనినవాడు జాషువ.

1895లో వినుకొండలో జన్మించిన జాషువకు బాధ గ్రంథములలో చదివిన విషయము కాదు. పండితసభలలో కులము పేర అవమానము పొందినవాడు. పురాణకథలను పద్యములుగా వ్రాసినందులకు తోటి క్రైస్తవులలో కొందరి ఆగ్రహమునకును గురియైనవాడు. 1941లో వెలువడిన గబ్బిలమున ఆ అనుభవమంతయు కావ్యరూపము దాల్చినది. తంజావూరి సీమయందలి అరుంధతీసుతుడు కాశీవిశ్వనాథునికి గబ్బిలముచేత సందేశము పంపుట ఇందలి ఇతివృత్తము. ఆలయమున మనుష్యునికి లేని ప్రవేశము గబ్బిలమునకు కలదన్న చేదునిజమే ఈ కల్పనకు ప్రాణము.

కాళిదాసు మేఘసందేశముతో దీనిని పోల్చుట విమర్శకులకు పరిపాటి. కాని ఒక్క భేదమును విశేషించి గమనింపవలసియున్నది. యక్షుని బాధకు కారణమున్నది: విధినిర్వహణమున ప్రమాదము. దానికి గడువునున్నది: ఒక సంవత్సరము. అరుంధతీసుతుని బాధకు అతని అపరాధము లేదు, గడువును లేదు. పూర్వజన్మకర్మయే కారణమన్న సమాధానమును అతడు ప్రశ్నించును. యోబు మిత్రుల వాదమును, సువార్తయందలి శిష్యుల ప్రశ్నను నిరాకరించిన దృష్టియే ఇచ్చట శివుని సన్నిధికి మొఱగా మారినది. సందేశము శివునికి పోయినను దాని వెనుకనున్న న్యాయదృష్టి సువార్తకు పరాయిది కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. బాధకు ప్రయోజనమున్నదని చెప్పుట బాధపెట్టువానికి మేలుచేయుట కాదా? ఆకలితో నున్నవానికి ఆకలి మంచిదని బోధించుట కాదా? ఈ ఆక్షేపణ తీసివేయదగినది కాదు. మతము పేర అట్టి బోధ జరిగిన సందర్భములు అన్ని మతములందును కలవు. కాని జాషువ ఆ త్రోవ త్రొక్కలేదు. అతని నాయకుడు ఆకలిని కీర్తింపడు. లోకమునకు అన్నము పండించువానికి అన్నమేల లేదని అడుగును. తన బాధను దాచుకొనక జాతి బాధగా చాటుటయే అతడు దానికి కల్పించిన ప్రయోజనము.

1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిన క్రీస్తుచరిత్రను ఈ దృష్టితో చదువవలెను. క్రీస్తు నిర్దోషి, అతని బాధకు అతనియందు కారణము లేదు, ప్రయోజనము మాత్రమే కలదు. అది పరులకొరకు తాను కోరి వహించిన బాధ. కోరి వహించిన బాధ త్యాగమగును. పరులు బలవంతముగా మోపిన బాధ అన్యాయమగును. రోగులను స్వస్థపరచి, ఆకలిగొన్నవారికి ఆహారము పెట్టిన క్రీస్తు రెండవదానిని ఓర్చుకొమ్మని ఊరకుండలేదు, తొలగించెను. సువార్తల క్రమమునకు కట్టుబడిన కావ్యమగుటచే క్రీస్తుచరిత్రలో గబ్బిలమునందలి కల్పనాస్వేచ్ఛకు తావు తక్కువ. అయినను గబ్బిలము అడిగిన ప్రశ్నకు జాషువ విశ్వాసమిచ్చు సమాధానము ఇందే కలదు. రెండింటిని విడదీసి చదివినచో, ఒకటి కేవలము నిరసనగను, ఒకటి కేవలము భక్తిగను తోచును.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. అరుంధతీసుతుని మొఱ అంతకు తొమ్మిదేండ్ల పూర్వమే తెలుగు పద్యమున వినిపించినది. తెలుగునాటికి వెలుపల, తంజావూరి సీమనుండి ఆ మొఱ వెలువడుట, 1956 నుండి తెలుగు రాష్ట్రమునకు వెలుపలనున్న రాయచూరు తెలుగువారికి ప్రత్యేకముగ ఆలోచింపదగిన విషయము. ఇచ్చటి బాలురు ఆ పద్యములను కంఠస్థము చేయుటతో పని ముగియదు. తమ వీధిలో బాధపడువానిని చూచినపుడు, వీడేమి పాపము చేసెనోయని అడుగుట మాని, వీనికి నేనేమి చేయవలెనని అడుగగలిగిననాడే జాషువ కవిత్వము వారికి బోధపడినట్లు.