బొమ్మ తగిలించే గోడ ఎక్కడ?

న్యూయార్క్‌లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఇంకా కడుతుండగానే, 1956లో 21 మంది చిత్రకారులు నిరసన లేఖ రాశారు. విల్లెం డి కూనింగ్ లాంటి ఉద్దండులు కూడా సంతకం పెట్టారు. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన మెలికల వాలుదారి తమ బొమ్మలకు పనికిరాదన్నది వాళ్ల గోడు. అది న్యాయమే. నేల ఏటవాలు, గోడ వంపు, పైగా వెనక్కి వాలి ఉంటుంది. అక్కడ సరిగ్గా తగిలించిన ఫ్రేమే వంకరగా కనిపిస్తుంది. 1959లో తలుపులు తెరిచేనాటికి రైట్ లేడు. బొమ్మల్ని గోడకు ఆనించకుండా లోహపు కడ్డీల మీద ముందుకు నిలబెట్టి ఎలాగో గట్టెక్కించారు.

అదే సంస్థకు స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో ఫ్రాంక్ గేరీ మరో భవనం కట్టాడు. ఫొటోల్లో ఎప్పుడూ దాని టైటానియం మెలికలే. ఆ రేకుల మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే అవి పూర్తిగా చదునుగా కుదురుకోవు, వెలుగు మారినప్పుడల్లా వాటి మెరుపూ మారుతుంది. జనం అంతగా పట్టించుకోనిది పక్కనున్న రాతి భాగం. దాదాపు సగం గ్యాలరీలు అందులోనే ఉన్నాయి, నిటారు గోడలతో, బుద్ధిగా. బయట రాయి కనిపిస్తే లోపల నలుచదరపు గది, టైటానియం కనిపిస్తే వంకరటింకర గది. గేరీ గడుసుతనమంతా ఈ పంపకంలోనే ఉంది.

ఇక అదే భవనంలో 130 మీటర్ల పొడవున, ఒక్క స్తంభం కూడా లేని పెద్ద హాలు సంగతి వేరు. అందులో మామూలు బొమ్మ పెడితే పెళ్లి పందిట్లో తపాలాబిళ్ల అంటించినట్టే. 2005 నుంచి అక్కడ రిచర్డ్ సెర్రా ఉక్కు శిల్పాలున్నాయి. తుప్పురంగు పలకలు కాసేపు మీదికి ఒరుగుతూ, కాసేపు పక్కకు తప్పుకుంటూ ఉంటే మనిషి వాటి మధ్య సందులో నడవాలి. ఆ హాలుకు సరిజోడు అవే.

అన్నిచోట్లా ఇంత పొందిక కుదరదు. కేప్‌టౌన్‌లో పాత ధాన్యపు గాదెను థామస్ హెథర్‌విక్ బృందం జైట్జ్ మోకా మ్యూజియంగా మార్చింది. 42 కాంక్రీటు గొట్టాలు. ఒక మొక్కజొన్న గింజను స్కాన్ చేసి, ఆ ఆకారాన్ని కొన్ని అంతస్తుల ఎత్తుకు పెంచి, గొట్టాల నడుమ తొలిచేశారు. తలెత్తితే నోట మాట రాదు. అక్కణ్నుంచి గ్యాలరీల్లోకి అడుగుపెడితే మాత్రం ఏ నగరంలోనైనా ఉండే తెల్ల గదులే, సుమారు 80. బొమ్మలకు అవి హాయి. కానీ గాదె ఊసే లేదు. 2017లో ప్రారంభం నాడు ఆ నడిమి ఎత్తుకు దీటుగా వేలాడింది కళాకారుడు నికొలస్ హ్లోబో రబ్బరుతో, రిబ్బన్లతో చేసిన రెక్కల ప్రాణి. ప్రదర్శనకు పెట్టిన ఫొటోలూ వీడియోలూ చాలామటుకు తెల్ల గదులకే చేరాయి.